గార్డెన్ స్పెల్స్ చదువుతున్నాను: చెట్టు పళ్ళు విసురుతుంటే ఎవరూ ఆశ్చర్యపోరేం?

కిటికీపక్క

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఈ పుస్తకాల చర్చావేదికలో మీరంతా రాసేవి చదివి వెళ్ళిపోవడమే తప్ప నేను రాయడం ఇదే మొదటిసారి.

నేను ఎక్కువగా చదివేది నేర పరిశోధన నవలలు. ఈమధ్య ఉద్యోగంలో టెన్షన్ పెరిగి, రాత్రిపూట హత్యల గురించి చదివితే నిద్ర పట్టడం మానేసింది. చిన్న ఊళ్ళో జరిగే మాంత్రిక వాస్తవికత నవల (మామూలు జీవితంలో మాయ కూడా మామూలుగానే కలిసిపోయి ఉండే రకం) ఏదైనా చదివితే మనసు తేలికపడుతుందని ఒక స్నేహితురాలు చెప్పింది. అలా సారా ఆడిసన్ ఆలెన్ రాసిన గార్డెన్ స్పెల్స్ పట్టుకున్నాను. 2007లో వచ్చిన నవల.

నార్త్ కెరొలైనాలో బాస్కమ్ అనే చిన్న ఊరు. అక్కడ క్లెయిర్ అనే అమ్మాయి తన పెరట్లో పూసే పూలతో వంటలు చేసి విందులకు పంపుతుంది. ఆ వంట తిన్నవాళ్ళ మనసు మారుతుంది. పెరట్లో ఒక ఆపిల్ చెట్టు ఉంది, అది మనుషుల మీదకి పళ్ళు విసురుతుంది. ఆ పండు తింటే మన జీవితంలో జరగబోయే అతి పెద్ద సంఘటన కనిపిస్తుందట. ఎవనెల్ అని ఒక పెద్దావిడ ఉంది, ఎవరికో ఏదో వస్తువు ఇచ్చి వెళ్తుంది. ఎందుకిచ్చిందో ఆవిడకే తెలియదు.

బాగానే ఉంది కానీ ఇవన్నీ ఎలా జరుగుతున్నాయో ఎవరూ చెప్పరు. అసలు ఎవరూ అడగరు! నా బుర్ర మాత్రం ప్రతి పేజీలో ఆధారాలు వెతుకుతోంది. ఎవరు నాటారు, ఎవరి శాపం, రహస్యం ఎప్పుడు బయటపడుతుంది అని. ఎనభై పేజీలయ్యాయి, ఎక్కడా సూచన లేదు. నేను తప్పుగా చదువుతున్నానా? ఆపేయనా?

నిదానం

ఆపకండి. మీరు తప్పుగా చదవడం లేదు, వేరే రకం నవల చదివే పద్ధతిలో దీన్ని చదువుతున్నారు, అంతే. నేర పరిశోధనలో ప్రతి వింతకీ చివర్లో జవాబు దొరకాలి. ఇక్కడ వింత అనేది ఇంటి గోడలాంటిది. అది ఉంది, దాని పక్కన మనుషులు బతుకుతున్నారు.

గార్సియా మార్క్వెజ్ 'వంద సంవత్సరాల ఏకాంతం' (1967) చదివిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అందులో ఊరికి వచ్చిన సంచార జాతివాళ్ళు ఎగిరే తివాచీ తెస్తారు. పిల్లలు దానిమీద సరదాగా తిరుగుతారు. ఆ ఊరి పెద్ద హొసే ఆర్కాడియో బువెందియా దాన్ని పెద్దగా పట్టించుకోడు. కానీ అదే మనిషి ఇంకోసారి వాళ్ళ గుడారంలో మంచుగడ్డ చూస్తాడు. చేయి పెట్టి తాకి, ఈ కాలపు గొప్ప ఆవిష్కరణ ఇదేనంటాడు. ఆశ్చర్యం ఎక్కడ పడాలో అక్కడ పడకుండా, మంచుగడ్డ మీద పడింది. ఈ రకం రచన గుట్టంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. మాయ మామూలైపోయి, మామూలు వస్తువు కొత్తగా కనిపిస్తుంది.

కాబట్టి చెట్టు పళ్ళు ఎలా విసురుతోంది అని అడగకండి. ఆ పళ్ళని క్లెయిర్ ఏం చేస్తోందో చూడండి.

కిటికీపక్క

భూమిలో పాతిపెడుతోంది. రాలిన పళ్ళన్నీ ఏరి, ఎవరి చేతికీ దొరక్కుండా. తోటకి ఎత్తైన కంచె, గేటుకి తాళం కూడా.

నిదానం

అదీ. ఎందుకు పాతిపెడుతోంది అన్న ప్రశ్న పట్టుకుని ఇంకో యాభై పేజీలు చదవండి. తర్వాత మాట్లాడుకుందాం.

ముళ్ళకంచె

కొంచెం కఠినంగా చెబుతాను, ఏమీ అనుకోకండి. నిదానం గారు మార్క్వెజ్‌ని ఉదాహరణగా తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. ఆ నవలనీ, మనసుకి ఊరటనిచ్చే ఈ వెచ్చని నవలలనీ ఒకే గాటన కట్టడం న్యాయమేనా?

క్యూబా రచయిత అలెహో కార్పెంతియర్ 1949లో హైతీలో బానిసల తిరుగుబాటు మీద నవల రాస్తూ దాని ముందుమాటలో 'అద్భుత వాస్తవం' గురించి మాట్లాడాడు. మార్క్వెజ్ నవలలో అరటి కంపెనీ కూలీల మీద కాల్పులు జరుగుతాయి. మూడువేల మందికి పైగా చనిపోయారని బువెందియా వంశంలోనే తర్వాతి తరంవాడు హొసే ఆర్కాడియో సెగుందో చెబితే, ఊళ్ళో ఒక్కరూ నమ్మరు. ఏమీ జరగలేదంటారు. ఆ తర్వాత నాలుగేళ్ళ పదకొండు నెలల రెండు రోజులు వాన కురుస్తుంది. 1928లో కొలంబియాలో నిజంగానే అరటితోట కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. అంత పెద్ద అబద్ధాన్ని మామూలు వాస్తవిక కథలో చెప్పలేకే ఆ వాన అవసరమైంది. అక్కడ మాయకి పని ఉంది.

చిన్న ఊరు, పూలు, వంటలు, చివర్లో అందరూ కలిసిపోవడం... ఇక్కడ మాయ ఏం మోస్తోంది? నాకు అలంకారంలాగే కనిపిస్తుంది. నేను ఇలాంటివి నాలుగైదు చదివాను, మూసేశాక ఒక్కటీ మిగల్లేదు.

పుటలపిట్ట

ముళ్ళకంచె గారూ, అరటి కూలీల భాగం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆ వాన చదివినప్పుడు నాకు కడుపులో ఏదో జరిగింది. అయినా అలంకారం అన్న మాట ఒప్పుకోలేను.

గార్డెన్ స్పెల్స్‌లో క్లెయిర్ చెల్లెలు సిడ్నీ ఎందుకు తిరిగొస్తుందో చూడండి. కొట్టే మనిషి దగ్గర్నుంచి చిన్న కూతుర్ని తీసుకుని పారిపోయి వస్తుంది. పదేళ్ళ తర్వాత. తను వద్దనుకుని వెళ్ళిపోయిన ఇంటికి, తనతో ఎప్పుడూ సఖ్యత లేని అక్క దగ్గరికి. తల్లి వీళ్ళిద్దర్నీ చిన్నప్పుడే వదిలేసి వెళ్ళిపోయింది, అమ్మమ్మ పెంచింది. ఇదంతా తేలికైన సరుకు కాదు. వెచ్చదనం అంటే చలి లేకపోవడం అనుకుంటున్నారు మీరు. బయట చలి ఉంటేనే కదా వెచ్చదనానికి అర్థం!

దేశం చేసిన నేరాన్ని మోయడానికి వాన కావాలి. ఒక అక్క తన చెల్లెలికి చెప్పలేని మాటని మోయడానికి వంట చాలు. బరువు వేరు కావచ్చు, పని ఒకటే.

ముళ్ళకంచె

"బరువు వేరు, పని ఒకటే." దీని గురించి ఆలోచించాలి. ఇప్పుడే ఒప్పుకోను.

రెండోచూపు

ఒక చిన్న చరిత్ర, చర్చకి పనికొస్తుందని. మాంత్రిక వాస్తవికత అన్న మాట పుట్టింది కథల గురించి కాదు, బొమ్మల గురించి. 1925లో జర్మన్ కళా విమర్శకుడు ఫ్రాన్జ్ రో అప్పటి కొత్త చిత్రకళ మీద రాసిన పుస్తకంలో ఆ మాట వాడాడు. ఆ చిత్రకారులు దెయ్యాలనీ దేవతలనీ గీయలేదు. మామూలు వస్తువుల్నే మరీ స్పష్టంగా, కదలకుండా గీశారు. ఆ స్పష్టతలోంచే వింత పుట్టింది. తర్వాత ఆ మాట స్పానిష్‌లోకి వెళ్ళి, లాటిన్ అమెరికా సాహిత్యానికి అతుక్కుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ రకం నవలల్లో వస్తువుల వర్ణన వచ్చినప్పుడు చాలామంది పేజీలు తిప్పేస్తారు. కంచె, గిన్నె, దుప్పటి, గేటు తాళం. మాయ అంతా వాటిలోనే ఉంటుంది. మార్క్వెజ్ ఒక ఇంటర్వ్యూలో ఏనుగుల లెక్క చెప్పాడు. ఆకాశంలో ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరట, నాలుగువందల ఇరవై అయిదు ఏనుగులు ఎగురుతున్నాయంటే బహుశా నమ్ముతారట. అదే 'వంద సంవత్సరాల ఏకాంతం'లో రెమెదియోస్ అనే అందగత్తె ఆకాశంలోకి వెళ్ళిపోయే దృశ్యం కూడా అంతే. ఎంత రాసినా ఆమె పైకి లేవలేదట. ఒకరోజు గాలిలో దుప్పట్లు ఆరేస్తూ వాటితో పెనుగులాడుతున్న మనిషిని చూశాక, నవలలో ఆమె చేతికి దుప్పట్లు ఇచ్చాడు. అప్పుడు పైకి లేచింది. ఉతికిన దుప్పటి లేకపోతే ఆ మాయ లేదు.

చివరిపేజీ

ఆ దుప్పటి సంగతి నాకు తెలియదు. ఇప్పుడే వెళ్ళి ఆ పేజీ మళ్ళీ చదువుతాను. థాంక్స్ అండీ.

తీరికలేదు

నాకొక సందేహం. తోషికాజు కవాగుచి కాఫీ నవల (2015లో జపనీస్‌లో వచ్చింది, గతంలోకి వెళ్ళి కాఫీ చల్లారేలోపు తిరిగొచ్చేయాలి అనేది) కూడా ఇదే కోవలోకి వస్తుందా? అందులో నియమాలు చాలా ఉంటాయి. ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో ఒక దెయ్యం ఆవిడ కూర్చుని ఉంటుంది, ఆవిడ లేచినప్పుడే మనకి దొరుకుతుంది. గతంలోకి వెళ్ళినా కుర్చీ దిగకూడదు. అక్కడ ఏం చేసినా ఇప్పటి పరిస్థితి మారదు. ఇన్ని నియమాలుంటే అది ఫాంటసీ కాదా?

నిదానం

మంచి ప్రశ్న. నియమాలు ఎన్ని ఉన్నాయన్న దానికంటే, అవి దేనికి పనికొస్తున్నాయన్నది నేను చూస్తాను. ఫాంటసీలో నియమాలు తెలిస్తే గెలవొచ్చు. హీరో వాటిని నేర్చుకుని, లొసుగు పట్టుకుని, యుద్ధం గెలుస్తాడు. కాఫీ నవలలో నియమాలన్నీ తెలిసినా గెలవడానికి ఏమీ లేదు. ఇప్పటి పరిస్థితి మారదని ముందే చెప్పేశారు. అయినా మనుషులు వెళ్తారు. ఎందుకు వెళ్తారు? చెప్పకుండా మిగిలిపోయిన ఒక మాట చెప్పడానికి, లేదా వినడానికి. కప్పు చల్లారేంత సేపట్లో. అందుకే నా దృష్టిలో అది ఈ కుటుంబానికే దగ్గర.

ఇంకో తేడా కూడా ఉంది. ఫాంటసీ చదివేటప్పుడు మనం మన ఇల్లు వదిలి వేరే లోకానికి వెళ్తాం. ఇవి చదివేటప్పుడు వేరే లోకం మన వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది.

మల్లెతీగ

నిదానం గారి మాట చదివాక రాయాలనిపించింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ క్రితం అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు పద్దెనిమిది రాత్రులు వార్డు బయట బెంచీ మీద ఉన్నాను. సినిమాలు చూడలేకపోయాను, వార్తలు అసలే చూడలేకపోయాను. ఫోన్‌లో గార్డెన్ స్పెల్స్ చదివాను. రాత్రి రెండు గంటలకి నర్సు తలుపు తీసినప్పుడల్లా గుండె జారిపోయేది. మళ్ళీ ఫోన్ వెలుగులోకి తలదించుకునేదాన్ని.

ఆ పుస్తకంలో నాకు పట్టుబడింది ఎవనెల్. ఆవిడకి ఎవరికైనా ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఇచ్చే వరకు ఊరుకోలేదు. తీసుకున్నవాళ్ళు ఆ వస్తువుని అటూ ఇటూ తిప్పి చూస్తారు, ఇది నాకెందుకు అనుకుంటారు. కానీ పారేయరు. ఎందుకంటే ఏదో ఒకరోజు అది అవసరపడుతుందని ఆ ఊరికి తెలుసు. ఆ బెంచీ మీద కూర్చుని నేను అదే ఆలోచించాను. ఎందుకో తెలియకుండా ఇవ్వడం, ఎందుకో తెలియకుండా దాచుకోవడం. ఆ రోజుల్లో నా పక్క బెంచీలో ఉన్న ఒక పెద్దాయన, పేరు కూడా అడగలేదు, వెళ్ళిపోతూ తన శాలువా నా పక్కన పెట్టి, "రాత్రికి ఏసీ పెంచుతారమ్మా" అన్నారు. అప్పుడు ఉక్కపోతగా ఉంది, నాకెందుకు అనుకున్నాను. అర్ధరాత్రి దాటాక కప్పుకున్నాను.

అమ్మ ఇప్పుడు బాగుంది. శాలువా నా దగ్గరే ఉంది.

పుటలపిట్ట

మల్లెతీగ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. అమ్మగారు బాగున్నందుకు చాలా సంతోషం.

ముళ్ళకంచె

మల్లెతీగ గారూ, పుస్తకం మూసేశాక ఏమీ మిగల్లేదని నేను రాసిన వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. నాకు మిగల్లేదు, అంతవరకే నిజం. మీకు మిగిలింది.

అయితే ఒక్క ఇబ్బంది ఇంకా ఉంది. వీటిలో చాలావాటిలో మాయకి ఖర్చు ఉండదు. వంట తింటే ధైర్యం వస్తుంది, పువ్వు వాసన చూస్తే ప్రేమ పుడుతుంది, ఎవరూ ఏమీ పోగొట్టుకోరు. అలాంటివి నాకు ఇప్పటికీ పడవు. ఇది అలాంటిదో కాదో కిటికీపక్క గారు పూర్తి చేశాక చెప్పాలి.

రెండోచూపు

ఖర్చు అన్నది సరైన కొలత, గట్టిగా ఒప్పుకుంటాను. మెక్సికో రచయిత్రి లారా ఎస్కివెల్ 1989 నవల 'లైక్ వాటర్ ఫర్ చాకొలెట్'లో తీతా అనే అమ్మాయి ప్రేమించినవాడికి తన అక్కతోనే పెళ్ళి చేస్తారు. ఆ పెళ్ళి కేకు తీతాయే చేయాలి. పిండిలో ఆమె కన్నీళ్ళు పడతాయి. తిన్న అతిథులందరూ ఏడుస్తారు, వాంతులు చేసుకుంటారు. ఇంట్లో ఆమెకి ఏడ్చే హక్కు కూడా లేదు, అందుకే ఊరంతా ఏడ్చింది. ఆ మాయ ఖరీదు మొదటి పేజీ నుంచీ ఆమె కడుతూనే ఉంది.

మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. పుస్తకంలోంచి మాయని తీసేసి చూస్తాను. కథ అలాగే నిలబడితే అది అలంకారం. కథలో ఎవరి బాధకో నోరు లేకుండా పోతే, ఆ మాయ అక్కడ ఉండాల్సిందే.

చివరిపేజీ

ఒక పక్క ప్రశ్న. కోజీ అన్నదానికి తెలుగులో మీరంతా ఏమంటున్నారు? పైన 'వెచ్చని నవల' అన్నారు, బాగుంది. నేను ఒకచోట 'హాయి నవల' అని చూశాను, అది సరిపోదనిపించింది.

పుటలపిట్ట

నాకూ వెచ్చనే నచ్చింది. హాయి అంటే బాధ లేదని అర్థం వస్తుంది. వెచ్చన అంటే ఎవరో పక్కన ఉన్నారని.

మాంత్రిక వాస్తవికత అన్న మాటే నాకు కొంచెం ఇబ్బంది. మాంత్రిక అనగానే మంత్రగాడు గుర్తొస్తాడు, ఈ నవలల్లోనేమో చాలాసార్లు మంత్రం వేసేవాడే ఉండడు. కానీ వాడుకలో పడిపోయింది, అదే వాడుకుందాం.

కిటికీపక్క

నాలుగు రోజుల తర్వాత వచ్చాను. పూర్తయింది. చదవని వాళ్ళ కోసం ముగింపు చెప్పను, ఆ చెట్టు చివర్లో ఏం చేస్తుందో మీరే చదవాలి.

మధ్యలో ఒక రాత్రి నిజంగానే ఆపేద్దామనుకున్నాను. పొద్దున్నే మీటింగ్ ఉంది, రెండు పేజీలు చదివి పడుకుందామని తెరిచాను. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన టైలర్ తన వైపు పడ్డ ఆపిల్ పళ్ళు దొరికాయని తెచ్చిన చోటికి వెనక్కి వెళ్ళి చదివాను. మొదటిసారి చదివినప్పుడు అది పక్కింటాయనతో పరిచయమయ్యే సన్నివేశంలా అనిపించి దాటేశాను. ఈసారి నిదానం గారి ప్రశ్న చేతిలో ఉంది: ఎందుకు పాతిపెడుతోంది? క్లెయిర్‌కి మొదట పట్టుకునే భయం, ఆయన పండు తిన్నాడేమోనని. పరాయి మనిషి. అతనికి తన భవిష్యత్తు తెలిస్తే ఈమెకేం పోయింది?

అక్కడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. ఆ పండు చూపించేది మంచిదైతే, దాని ముందు మిగతా జీవితమంతా చిన్నదైపోతుంది. చెడ్డదైతే బతికినన్నాళ్ళూ దానికోసం ఎదురుచూస్తూ ఉండాలి. ఒకసారి తల్లి వదిలేసి వెళ్ళిపోయిన పిల్ల అది. తర్వాత చెల్లెలూ వెళ్ళిపోయింది. ముందేం జరుగుతుందో తెలుసుకోవడమంటే ఆమెకి ఎవరు ఎప్పుడు వెళ్ళిపోతారో తెలుసుకోవడమే. అందుకే కంచె. అందుకే తాళం. ప్రతి పండునీ చేత్తో ఏరి మట్టి కప్పడం. తోట గురించి అనుకుంటూ చదివినదంతా ఆమె గురించేనని అప్పుడు తెలిసింది. నేను ఎనభై పేజీల పాటు వెతికిన ఆధారం మొదటి నుంచీ నా కళ్ళముందే ఉంది, మట్టి చేతులతో.

ముళ్ళకంచె గారూ, ఖర్చు గురించి అడిగారు. ఉంది. క్లెయిర్ కడుతున్నది ఒంటరితనంతో. అందరికీ వండి పెడుతుంది, ఎవరినీ గేటు లోపలికి రానివ్వదు. మీకు అది చాలకపోవచ్చు, ప్రేమకథ భాగం నాకు కూడా కొంచెం తొందరగా తేలిపోయినట్టనిపించింది. రెండోచూపు గారి పద్ధతిలో చెట్టుని తీసేసి చూశాను. అక్క ఎందుకు అలా ఉంటుందో చెప్పడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదు.

నాకు అన్నిటికంటే దగ్గరైంది సిడ్నీ కూతురు బే. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో ఆ పిల్లకి తెలుస్తుంది. ఎవరు ఎక్కడ ఉండాలో కూడా. ఊరూరా పారిపోతూ పెరిగిన పిల్లకి రచయిత్రి ఇచ్చిన శక్తి అదీ.

ముళ్ళకంచె

బే గురించి మీరు రాసిన ఆ చివరి వాక్యం కోసం చదువుతాను. నచ్చకపోతే వచ్చి ఇక్కడే చెబుతాను.

నిదానం

తప్పకుండా చెప్పండి. కిటికీపక్క గారూ, నిద్ర ఎలా ఉంది?

కిటికీపక్క

నిన్న పదిన్నరకే పట్టేసిందండీ. ఫస్ట్ ఫ్రాస్ట్ అని దీనికి కొనసాగింపు 2015లో వచ్చిందని చూశాను, అందులో బేకి పదిహేనేళ్ళట. ఈ వారాంతం మొదలుపెడుతున్నాను. ఎవరైనా కలిసి చదువుతారా?

మల్లెతీగ

నేనున్నాను.

తీరికలేదు

నేను కూడా. పేరు చూసి భయపడకండి, రోజుకి ఇరవై పేజీలు నావల్ల అవుతుంది.